జొన్నయు వరియు: తెలుగువారి జీర్ణచరిత్ర

మనుష్యుడు తిన్న యన్నముచేత జీవింపడు. అరిగిన యన్నముచేతనే జీవించును. ఈ సత్యము పామరునకు సైతము తెలిసినదే. ఐనను మన చరిత్రగ్రంథములలో రాజుల దండయాత్రలకు దొరికిన పుటలు ప్రజల పళ్లెములకు దొరకలేదు. సురవరము ప్రతాపరెడ్డిగారు 1949వ సంవత్సరమున "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"ను ప్రకటించి, జనుల తిండియు, బట్టయు, ఆటపాటలును చరిత్రమే యని మనకు నేర్పిరి. ఆ మార్గమున నొక యడుగు ముందునకు వేసి, తెలుగువారు తిన్నదేమి, అది వారి దేహములకెట్లు పట్టినది, పట్టనిచోట నెట్టి యనర్థము కలిగినది యని విచారించుట మన గృహములకు మేలుచేయునని తోచుచున్నది.

మొదట జీర్ణక్రియ యెట్టిదో మనుష్యుడెట్లు తెలిసికొనెనో చూతము. మన పూర్వులు కడుపులో జఠరాగ్ని యుండి యన్నమును పచనము చేయునని చెప్పిరి. ఐరోపాలోను పండితులు చిరకాలము వాదించుకొనిరి. కడుపు తిరుగలివలె నూరునని కొందరును, వేడిచే నుడికించునని కొందరును, ఆహారము లోపల పులిసి కరగునని కొందరును అనిరి. ఈ వివాదమును తీర్చినది తుపాకి గుండు! 1822వ సంవత్సరము జూన్ నెలలో అమెరికాదేశమున మాకినా ద్వీపమందు అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అను యువకునకు తుపాకి ప్రేలి యుదరమునకు గాయమయ్యెను. సైన్యవైద్యుడగు విలియము బోమంటు వానిని బ్రదికించెనుగాని, కడుపునకు పడిన రంధ్రము పూడలేదు. ఆ వైద్యుడు మాంసపు తునకలను, రొట్టెముక్కలను పట్టుదారమునకు కట్టి యా రంధ్రముగుండ లోనికి దింపి, గంటగంటకు పైకి తీసి పరిశీలించెను. ఇట్లు 200కు పైగా ప్రయోగములు చేసి 1833లో గ్రంథము ప్రకటించెను. జఠరమునందొక యామ్లరసమూరుననియు, ఆ రసమే యాహారమును కరగించుననియు, పెద్ద ముక్కలకన్న చిన్న ముక్కలు త్వరగా నరుగుననియు, కోపము వచ్చినవేళ కడుపు తన పని సరిగా చేయదనియు నతడు కన్నులార చూచి వ్రాసెను. 1836లో థియొడార్ ష్వాన్ ఆ రసమునందలి పెప్సిన్ అను పదార్థమును వేరుచేసెను. ఆహారము కడుపు చేరకమున్నే, దాని రుచి సోకినంతనే రసములూరునని నిరూపించిన పావ్లవు పండితునకు 1904లో నోబెలు బహుమాన మబ్బెను.

నేడు మనకు తెలిసిన క్రమమిది. నోటియందు లాలాజలము పిండిపదార్థమును విడగొట్ట నారంభించును. కావున నమలుట జీర్ణక్రియలో మొదటి మెట్టు. జఠరమున మాంసకృత్తులు విడివడును. పిమ్మట సుమారు 20 అడుగుల చిన్నప్రేగులో కాలేయమునుండి పైత్యరసమును, క్లోమమునుండి మరియొక రసమును వచ్చి చేరి తక్కిన పని ముగించును. ఆ ప్రేగు లోపలిగోడ నున్నని గొట్టమువంటిది కాదు. మకమలు గుడ్డపై నూగువలె లెక్కకు మించిన మొలకలతో నిండియుండును. ఆ మొలకలే యన్నసారమును పీల్చి రక్తమున కందించును. వానిని కప్పియున్న కణములు మూడు నాలుగు దినములకు రాలిపోయి క్రొత్తవి పుట్టుచుండును. శరీరమున నింత వేగముగా పునర్నిర్మాణము జరుగు తావులు మిక్కిలి తక్కువ. ఈ విషయమును చదువరులు మనసున నుంచుకొందురు గాక. మీది కథకు ఇదియే మూలము. అన్నమును పీల్చు యంత్రమును కట్టునదికూడ అన్నమే. అందుచేత ఆహారమున నేదైన సూక్ష్మపదార్థము లోపించినయెడల ఆ దెబ్బ ప్రేగునకు త్వరగా తగులును. ప్రేగు చెడిన పిదప మంచి యాహారము తిన్నను పట్టదు. లోపము రోగమును, రోగము లోపమును పెంచుచు నొక విషవలయ మేర్పడును.

ఇక తెలుగునేలకు వత్తము. ఇచ్చట మూడు వ్యాధులు మూడు పాఠములను నేర్పినవి.

మొదటిది ఉత్తర సర్కారు జిల్లాలలో కనబడిన బెరిబెరి. కాళ్లు తిమ్మిరియెక్కి, వాచి, గుండె బలహీనమగు ఈ వ్యాధి పూర్వపు మదరాసు రాజధానిలో ముఖ్యముగా ఆ తీరమునందే కానవచ్చుచుండెను. జావాద్వీపమున నైక్మన్ అను వైద్యుడు, మెరుగుపెట్టిన బియ్యము తిన్న కోళ్లకు ఇట్టి రోగమే వచ్చుననియు, తవుడు కలిపిన కుదురుననియు 1890 తరువాతి దశాబ్దిలో కనుగొనెను. మనదేశమున ఈ విచారణకై రాబర్టు మెకారిసన్ 1918లో కూనూరునందొక చిన్న పరిశోధనశాలను నెలకొల్పెను. వరి తినువారు దక్షిణమున నెందరో యుండగా సర్కారు జిల్లాలవారికే యీ పీడ యేల? ఉప్పుడు బియ్యము వండుకొను ప్రాంతములలో, వడ్లను నానబెట్టి ఉడికించునప్పుడు తవుటిలోని బి-విటమిను గింజలోనికి దిగును; తరువాత మరపట్టించినను అది కొంత నిలుచును. సర్కారులవారు పచ్చి వడ్లనే మరకిచ్చి తెల్లని బియ్యమును కోరుకొనిరి. దానిని పలుమార్లు కడిగి, గంజి వార్చి పారబోయుటతో మిగిలినదియు పోయెను. దంపుడు బియ్యమును మోటు తిండిగా నెంచి, తెలుపును గౌరవముగా నెంచిన యభిమానమే ఇచ్చట రోగమునకు దారి తీసెను.

రెండవది గ్రహణి, ఆంగ్లవైద్యులు స్ప్రూ అనునది. ప్రేగుమొలకలు కుంగిపోయి, తిన్నది తిన్నట్లు విరేచనమై, రక్తహీనముతో రోగి క్షీణించును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరు లిద్దరు ఈ వ్యాధికే బలియైరి. సుబ్బారావుగారికిని అది సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికి బయటపడిరి. 1922లో నాయన అమెరికాకు పోయి హార్వర్డులోను, పిమ్మట లెడర్లీ ప్రయోగశాలలోను పనిచేసిరి. అంతకుముందే, 1931లో, లూసీ విల్స్ అను వైద్యురాలు బొంబాయిలోని నిరుపేద గర్భిణుల రక్తహీనతను ఈస్టుసారముతో కుదుర్చవచ్చునని చూపియుండెను. ఆ సారమునందలి గుణమునకు హేతువైన పదార్థము పాలకూర యాకులనుండియు లభించినందున 1941లో దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. ఆకు అను నర్థముగల లాటిను పదమే యాపేరునకు మూలము. దానిని ప్రయోగశాలలో తయారుచేయు విధానమును సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ పరిశోధకులు 1945లో ప్రకటించిరి. ఆ యేటనే టామ్ స్పైస్ అను వైద్యుడు స్ప్రూ రోగుల కిచ్చి గుణము కనుగొనెను. తన తోబుట్టువులను హరించిన వ్యాధికి ఆయన మూడేండ్లు ముందుగా మందు సిద్ధపరచి, 1948లో న్యూయార్కునందు కన్నుమూసిరి. ఈ వ్యాధి ప్రేగున కలుగు అంటుదోషములను వెన్నంటి వచ్చునని నేటి వైద్యుల యభిప్రాయము. కావున ఫోలిక్ ఆమ్లముతోపాటు క్రిమినాశక ఔషధమునుకూడ ఇత్తురు. ఆకుకూరయు, నిర్మలజలమును జీర్ణశక్తికి రెండు కాపుదారులని ఈ కథ బోధించుచున్నది.

మూడవది మన తెలంగాణమునకు సొంతమైన కథ. నిజాము కాలమున గజ్వేలు మెదకు జిల్లాలోని పల్లెసీమ. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీనుండి సిద్దిపేట జిల్లాలోనిది. చెరువు క్రింద వరి, చెల్కలో జొన్నయు మక్కయు: ఇది యీ ప్రాంతపు వ్యవసాయము. ఉదయము అంబలి, పగలు గటుక, రాత్రి జొన్నరొట్టె, ప్రక్కన తొక్కో పుంటికూరయో. వరియన్నము పండుగనాటి తిండి. పల్నాటి జొన్నకూటిని వరియన్నపు రుచి మరగిన శ్రీనాథుడు గేలిచేసెనని చాటుపద్యముల పరంపర చెప్పుచున్నది. జొన్న తినువాడు తక్కువవాడను భావము మనలో నెంత పాతదో దీనివలన తెలియును.

కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు వహించెను. ఇచ్చటి వైద్యులకు దక్కను పీఠభూమిలోని బీదరైతుకూలీలయం దొక వింతవ్యాధి కనబడెను. ఎండ సోకిన మెడ, చేతులు, పాదములు నల్లబారి పగులును, నాలుక యెఱ్ఱబడి మండును, విరేచనములు పట్టుకొనును, తుదకు మతి చలించును. అది పెలగ్రా. స్పెయినుదేశమున గాస్పర్ కాసాల్ 1735లోనే దానిని గుర్తించియుండెను. అమెరికానుండి మొక్కజొన్న నైరోపాకు తెచ్చుకొనినవారు, ఆ గింజను సున్నపునీట ఉడికించు అమెరికా ఆదిమవాసుల పద్ధతిని మాత్రము తెచ్చుకొనలేదు. అట్లుడికించిననే దానిలోని నియాసిన్ దేహమునకు దక్కును. 1914 తరువాత జోసెఫ్ గోల్డ్‌బర్గరు అమెరికాలోని అనాథశరణాలయములలో పిల్లలకు పాలు, గ్రుడ్లు, కాయధాన్యములు పెట్టించి రోగమును మాన్పి, ఇది అంటువ్యాధి కాదనియు, పేదతిండి చేయు పీడయనియు నిరూపించెను. నియాసినే దీనికి మందని 1937లో ఎల్వెజెమ్ కనుగొనెను.

కాని తెలంగాణమున రోగులు తిన్నది మొక్కజొన్న కాదు, జొన్న. జొన్నలో నియాసిన్ అంతగా బంధింపబడి యుండదు. మరి రోగమేల? 1960లో సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకంఠయ్యగార్లు ఒక సమాధానమును ప్రతిపాదించిరి. మాంసకృత్తులలోని ట్రిప్టోఫాన్ అను నంశమునుండి శరీరము నియాసినును తయారుచేసికొనును; 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు ఒక మిల్లీగ్రాము చొప్పున. జొన్నలో ల్యూసిన్ అను వేరొక యంశము అధికముగానున్నందున ఆ మార్పునకు అడ్డువచ్చునని వారి సిద్ధాంతము. తరువాత పలుచోట్ల చేసిన ప్రయోగములన్నియు ఏకకంఠముగా దీనిని సమర్థింపలేదు. ఐనను ఒక్కమాట నిస్సందేహము. పప్పు, పాలు, పల్లీలు కలిపి జొన్న తిన్నవానికి ఈ రోగము రాలేదు. మూడుపూటలు జొన్న తప్ప వేరొకటి యెఱుగని బీదవానికే వచ్చెను. నేరము గింజది కాదు, ఒంటరితనముది.

జొన్న తెచ్చిన మేలుకూడ చెప్పవలెను. దాని పొట్టునందలి పీచు చిన్నప్రేగున నరుగక, సుమారు 5 అడుగుల పెద్దప్రేగు చేరి, అచ్చటి సూక్ష్మజీవుల కాహారమై, మలబద్ధమును నివారించును. చెల్కలో జొన్న సాళ్ల నడుమ కందియు, పెసరయు, అనుమును వేసికొను పాతపద్ధతి పొలమునకే గాక పళ్లెమునకును వైవిధ్యమిచ్చెను.

కాలము మారెను. 1983లో నందమూరి తారకరామారావుగారి ప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యమును పేదల యింటికి చేర్చెను. ఆకలి తగ్గెను, ఇది చిన్న మేలు కాదు. జొన్న యేకైకాహారము కాకపోవుటతో పెలగ్రా కూడ అరుదయ్యెను. గజ్వేలు మండలములోని కోమటిబండయందు 2016 ఆగస్టు 7వ తేదీన భగీరథ పథకము ప్రారంభమై యింటింటికి శుద్ధజలము నందించు పూనిక జరిగెను. గ్రహణి కథ విన్నవారికి దీని విలువ వేరుగా చెప్పనక్కరలేదు. 2020 మే నెలలో సమీపముననే కొండపోచమ్మ జలాశయము ప్రారంభమయ్యెను. నీరు వచ్చినచోట వరి విస్తరించుట సహజము. ఐతే నేటి పళ్లెమును చూడుడు: తెల్లని సన్నబియ్యపు కుప్ప, ప్రక్కన ఇంచుక పులుసు. నిన్నటి జొన్న యొంటరితనము పోయి నేడు వరి యొంటరితనము వచ్చినది. పీచులేని పిండిపదార్థము త్వరగా చక్కెరయై రక్తమున చేరును. భారతదేశమున 10 కోట్లకు పైబడి జనులకు మధుమేహము కలదని భారత వైద్యపరిశోధనా మండలి ప్రకటన 2023లో వెల్లడించెను. దానికి తెల్లని బియ్యమొక్కటే కారణము కాదు. దేహశ్రమ తగ్గుట మొదలగునవియు గలవు. కాని పళ్లెము నిర్దోషి యనలేము. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్య సంవత్సరముగా ప్రకటింపగా, నిన్న జొన్నరొట్టెకు సిగ్గుపడినవారే నేడు నగరపు అంగళ్లలో దానిని వెలపెట్టి కొనుచున్నారు. సిగ్గును సరికాదు, వ్యామోహమును సరికాదు. జొన్న నొక్కదానినే తిన్నవారి గతి యేమయ్యెనో పైన చూచితిమి గదా!

తుదకు గృహస్థులతో నొక మాట. ఈ చరిత్రయం దంతట కానవచ్చు సూత్ర మొక్కటే: ధాన్య మేదైనను దాని ప్రక్కన నేమున్నదనునదే ప్రశ్న. అంతకన్న పెద్ద ప్రశ్న, ఆ ప్రక్కనున్నది యెవరి పళ్లెమున పడుచున్నదని. మన యిండ్లలో మగవారును పిల్లలును తినినపిదప గృహిణి కూర్చుండును. అప్పటికి గిన్నెలో అన్నము మిగులును గాని పప్పు అడుగంటును, కూర కరవగును, పెరుగు నీళ్లగును. లూసీ విల్సు చూచిన గర్భిణుల రక్తహీనము బొంబాయికి మాత్రమే చెందినది కాదు. ఊరిలో బీదరికము చేసిన పనినే, కలిగినయింట ఆచారము చేయుచున్నది. ఒక్క గింజతో కడుపు నింపుకొనుటకు పేదవాడు విధిలేక లోబడెను. ఇల్లాలిని మనము చేతులార లోబరచుచున్నాము.

కావున సోదరులారా, సోదరీమణులారా! గంజిని పారబోయకుడు. ఆకుకూరను అల్పముగా నెంచకుడు. ముద్దను నమలి మ్రింగుడు. భోజనసమయమున కలహములు మానుడు. వారమునకు కొన్నిపూటలైనను జొన్నయో సజ్జయో తైదయో వండుడు; అయితే పప్పు లేకుండ వలదు. అన్నిటికంటె ముందుగా, నేటి రాత్రినుండియే అందరును ఒక్క పంక్తిని కూర్చుండి తినుడు. ఆ పంక్తిలో ఇల్లాలి విస్తరియందు పప్పు పడిననాడే మన సంస్కారము నోటిమాటగా గాక వంటింటి యాచారముగా నిలుచును.