సాక్షికి సాక్షులు

నేరపరిశోధన సాహిత్యం చదివేవారికి డి.ఎన్.ఏ. కథ ఎక్కడ మొదలైందో తెలుసు. ఇంగ్లండ్‌లోని లెస్టర్ విశ్వవిద్యాలయంలో 1984 సెప్టెంబర్ 10న అలెక్ జెఫ్రీస్ ఒక ఎక్స్‌రే ఫిల్మ్ మీది చారల వరసలను చూసి, మనిషికీ మనిషికీ తేడా చెప్పగల గుర్తు దొరికిందని గ్రహించాడు. 1986లో ఆ పద్ధతి, తాను చేయని హత్యను చేశానని ఒప్పుకున్న పదిహేడేళ్ల కుర్రవాణ్ణి కాపాడింది. మరుసటి ఏడు అసలు హంతకుడు పట్టుబడ్డాడు. జోసెఫ్ వాంబా 1989లో వెలువరించిన ‘ది బ్లడింగ్’ చెప్పేది ఈ ఉదంతాన్నే. అయితే ఆ చారలను చదివి న్యాయస్థానంలో నిలబడే విశ్లేషకుడి మాటను ఎందుకు నమ్మాలి? దీనికి జవాబు మరో చరిత్రలో ఉంది. అది వృత్తి సంఘాల చరిత్ర, నియమావళుల చరిత్ర. నవలలకు ఎక్కేపాటి హంగు దానికి లేదు.

ఈ రంగంలో నేటికీ ప్రధానమైన అంతర్జాతీయ ఫోరెన్సిక్ జన్యుశాస్త్ర సంఘం డి.ఎన్.ఏ. పరీక్ష కంటే ముందే పుట్టింది. 1968లో జర్మనీలోని మైన్జ్ నగరంలో, న్యాయస్థానాల కోసం రక్తవర్గాలను పరీక్షించే నిపుణులు దాన్ని స్థాపించుకున్నారు. ఆనాటి వారి పని చాలావరకు పితృత్వ వివాదాలే. రక్తవర్గం ఒక వ్యక్తి ఫలానా బిడ్డకు తండ్రి కాదని తేల్చగలదు. తండ్రి అతడేనని మాత్రం తేల్చలేదు, ఎందుకంటే అదే వర్గం లక్షలాది మందికి ఉంటుంది. ‘కాదు’ అనడానికి ఉన్న బలం ‘అవును’ అనడానికి లేదన్న ఎరుక ఆ తరానికి వృత్తిధర్మంగా అబ్బింది. శాస్త్రం మారేకొద్దీ సంఘం పేరూ మారింది. రక్తవర్గాలు పోయి రక్తజన్యుశాస్త్రం, అది కూడా పోయి జన్యుశాస్త్రం వచ్చాయి.

డి.ఎన్.ఏ. రాకతో ‘అవును’ అనడం సులువనిపించింది. అమెరికాలో ప్రైవేటు కంపెనీలు పరీక్షలు మొదలుపెట్టాయి. కోట్లమందిలో ఒకరికి తప్ప ఇటువంటి గుర్తు ఉండదని వారి నిపుణులు చెబుతుంటే జ్యూరీలు మారుమాట లేకుండా నమ్మసాగాయి. ఎఫ్.బి.ఐ. 1988లో విశ్లేషకులను సమావేశపరచి, పద్ధతులను చర్చించే ఒక సాంకేతిక బృందాన్ని ఏర్పరచింది. ఆ బృందం అవసరం ఎంతటిదో మరుసటి సంవత్సరమే న్యూయార్క్‌లో తేలింది.

బ్రాంక్స్‌లో ఒక తల్లీ, ఆమె రెండేళ్ల కూతురూ హత్యకు గురయ్యారు. కాస్ట్రో అనే నిందితుడి చేతిగడియారం మీద రక్తపు మరక కనిపించింది. అది ఆ తల్లిదేనని, మరొకరిది అయ్యే అవకాశం పది కోట్లలో ఒకటి కంటే తక్కువని పరీక్షించిన కంపెనీ చెప్పింది. ముద్దాయి తరఫు న్యాయవాదులు బ్యారీ షెక్, పీటర్ న్యూఫెల్డ్ ఆ మాటను అంతటితో వదలలేదు. ఎరిక్ లాండర్ వంటి శాస్త్రవేత్తలతో ఫిల్ములను తిరిగి చదివించారు. రెండు నమూనాల చారలు సరిపోలాయని చెప్పడానికి కంపెనీ తాను పెట్టుకున్న ప్రమాణాన్నే పాటించలేదని బయటపడింది. ఒక నమూనాలో కనబడి మరొకదానిలో లేని చారలను తగిన పరీక్ష లేకుండానే మలినాలుగా కొట్టివేసింది.

విచారణ వారాల తరబడి సాగుతుండగా అరుదైన సంఘటన ఒకటి జరిగింది. ప్రాసిక్యూషన్ తరఫున సాక్ష్యం చెప్పిన రిచర్డ్ రాబర్ట్స్, ఇది న్యాయవాదుల వాదులాటలో తేలే విషయం కాదనుకొని, రెండు పక్షాల నిపుణులనూ ఒకచోట చేర్చడానికి పూనుకున్నాడు. నాలుగేళ్ల తరువాత నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఈయనే. 1989 మే నెలలో న్యాయవాదులెవరూ లేకుండా కూర్చున్న ఆ నిపుణులు, తమ ముందున్న ఫలితాలు నమ్మదగినవి కావని ఉమ్మడిగా ప్రకటించారు. నిందితుణ్ణి బాధితురాలితో కలిపే పరీక్షను న్యాయమూర్తి తిరస్కరించాడు. మరక కాస్ట్రో రక్తం కాదని చూపే పరీక్షను మాత్రం అనుమతించాడు. ‘కాదు’కూ ‘అవును’కూ మధ్య రక్తవర్గాల తరం గీసిన గీత మళ్లీ కనిపించింది.

కొద్ది నెలలకు కాస్ట్రో నేరం ఒప్పుకున్నాడు. గడియారం మీది రక్తం హతురాలిదేనన్నాడు. అంటే కంపెనీ చెప్పిన జవాబు సరైనదే, దాన్ని చేరిన దారి సరైనది కాదు. ‘ఎలాగూ దోషే కదా’ అని అక్కడితో సరిపెట్టుకొని ఉంటే, అదే దారిలో మరొక నిర్దోషి జైలుకు పోయేవాడు. ఆ రంగం అలా సరిపెట్టుకోలేదు. ఎఫ్.బి.ఐ. పిలిచిన బృందం నాణ్యతా నియమాలను వెలువరించింది. జాతీయ పరిశోధన మండలి 1992లోనూ 1996లోనూ నివేదికలిచ్చింది. అమెరికా కాంగ్రెస్ 1994లో చట్టం చేసింది. అంతర్జాతీయ సంఘపు డి.ఎన్.ఏ. కమిషన్ 1989 నుంచి సిఫారసులు ఇస్తూ వచ్చింది. ఇద్దరు ముగ్గురి డి.ఎన్.ఏ. కలగలిసిన మరకలను ఎలా చదవాలో 2006లో వివరించింది. షెక్, న్యూఫెల్డ్ 1992లో ఇన్నొసెన్స్ ప్రాజెక్ట్‌ను స్థాపించి, తాము నిలదీసిన శాస్త్రంతోనే నిర్దోషులను విడిపించసాగారు.

నియమాలు స్థిరపడ్డాక కూడా పొరపాటు కొత్త దారి వెదుక్కుంది. జర్మనీ, ఆస్ట్రియా, ఫ్రాన్స్‌లలో పదిహేనేళ్లకు పైగా, సుమారు నలభై నేరస్థలాల్లో ఒకే అజ్ఞాత స్త్రీ డి.ఎన్.ఏ. కనిపిస్తూ వచ్చింది. పత్రికలు ఆమెను హైల్‌బ్రాన్ భూతమన్నాయి. అటువంటి హంతకురాలు ఎవరూ లేరని 2009లో తేలింది. నమూనాలు తీసే దూదిపుల్లల తయారీలో పాల్గొన్న ఒక కార్మికురాలి డి.ఎన్.ఏ. వాటికి అంటుకొని వచ్చింది. ఆ పుల్లలు క్రిమిరహితమైనవే. క్రిములు చచ్చినంత మాత్రాన డి.ఎన్.ఏ. పోదు. యూరప్, అమెరికా, ఆస్ట్రేలియాల విశ్లేషక బృందాలు 2010లో ఉమ్మడి ప్రకటన చేసి, తయారీదారులు డి.ఎన్.ఏ. లేని సామగ్రినే ఇవ్వాలన్నాయి. 2016లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది.

భారతదేశంలో ఈ విద్యకు పుట్టినిల్లు హైదరాబాదు. సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్, కట్లపాము జాతి సర్పం నుంచి గుర్తించిన డి.ఎన్.ఏ. ఖండం ఆధారంగా స్వదేశీ పద్ధతిని రూపొందించాడు. 1989లో కేరళలోని తలశ్శేరి న్యాయస్థానంలో ఒక పితృత్వ వివాదం ఆ పరీక్షతోనే తేలింది. తరువాత సి.డి.ఎఫ్.డి. కూడా హైదరాబాదులోనే వెలిసింది. విద్య తొందరగానే వచ్చింది గాని, దాన్ని పరీక్షించే ఏర్పాటు అంత తొందరగా రాలేదు. మన చట్టం ప్రకారం ప్రభుత్వ శాస్త్రనిపుణులు కొందరి నివేదికను, వారిని బోనులోకి పిలవకుండానే సాక్ష్యంగా తీసుకోవచ్చు. ప్రయోగశాలల గుర్తింపును ఒక నియంత్రణ మండలికి అప్పగించబోయిన 2019 నాటి బిల్లును ప్రభుత్వం 2023లో ఉపసంహరించుకుంది.

ఈ రెంటికీ మధ్య, 2022 నవంబరులో, ఢిల్లీలో ఒక యువతి హత్య కేసులో మరణశిక్ష పడిన ముగ్గురిని సుప్రీంకోర్టు విడుదల చేసింది. డి.ఎన్.ఏ. నివేదికలోని నిర్ధారణలకు ఆధారమేమిటో, నిపుణుడు పద్ధతిని నమ్మదగిన రీతిలో అమలుచేశాడో లేదో కింది న్యాయస్థానాలు పరిశీలించలేదన్నది ఆ తీర్పు చూపిన లోపాల్లో ఒకటి. నివేదిక ఫైలులో ఉంది. దాన్ని బ్రాంక్స్‌లోలాగా విప్పి చదివినవారు లేరు. ఫలితంగా చనిపోయిన అమ్మాయి కుటుంబానికి న్యాయం దక్కలేదు. ఉరికంబం దాకా వెళ్లివచ్చిన ముగ్గురి మీది అనుమానం అటో ఇటో తేలనూ లేదు. విశ్లేషకులు తమలో తాము వాదించుకొని, తప్పులు బయటపెట్టుకొని, నియమాలు రాసుకొనే సంఘాల విలువ అటువంటి రోజున తెలుస్తుంది.