కుండ నుంచి ఈక్వలైజర్ దాకా: పాలమూరు ఇళ్లలో పాట తీరు

ఈక్వలైజర్ చరిత్ర అంటే అందరూ చెప్పే వరస ఒకటుంది. దూరం పోయేకొద్దీ టెలిఫోన్ తీగల్లో సన్నని ధ్వనులు క్షీణిస్తుంటే, వాటిని తిరిగి నిలబెట్టేందుకు ఇంజినీర్లు సర్క్యూట్లు కట్టారు. 1930లలో ఆర్‌సీఏ ఇంజినీరు జాన్ వోల్క్‌మన్ ఆ ఉపాయాన్ని సినిమా హాలుకు తెచ్చాడు. 1952 అక్టోబరులో పీటర్ బాక్సండాల్ 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో బాస్, ట్రెబుల్ గుబ్బల సర్క్యూట్ అచ్చువేశాడు. 1972లో జార్జ్ మాసెన్‌బర్గ్ పారామెట్రిక్ పద్ధతిని వివరించాడు. ఇందులో తప్పేమీ లేదు. అయితే ఇది తయారుచేసినవాళ్ల చరిత్ర, విన్నవాళ్లది కాదు. విన్నవాళ్ల సంగతికి వచ్చేసరికి మనవాళ్లు ఒక్క వాక్యంతో తేల్చేస్తారు: పల్లె జనానికి బాస్ పిచ్చి, దీపాల ముచ్చట, అందుకే ఈక్వలైజర్ మీద జరిపే గీతలన్నీ పైకి తోశారు అని. నా పేచీ ఆ వాక్యంతోనే.

రేడియో కాలాన్ని త్వరగా దాటొచ్చు. నిజాం నాటి డెక్కన్ రేడియో 1950లో ఆకాశవాణిలో కలిసింది. కొల్లాపూర్, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పాట చాలా ఏళ్లు మీడియం వేవ్ మీదనే వచ్చింది. 1978 నుంచి ఆ వేవ్ మీద స్టేషన్ల నడుమ ఎడం 9 కిలోహెర్ట్జ్. పక్క స్టేషన్ అడ్డురాకుండా సెట్లు సుమారు నాలుగైదు వేల హెర్ట్జ్ పైనున్నదంతా కోసేసేవి. వాల్వు రేడియోల్లో టోన్ గుబ్బ చాలావాటికి ట్రెబుల్ తగ్గించేదే తప్ప పెంచేది కాదు. ఉరుముల కాలంలో గరగర అణచడానికి దాన్ని తిప్పేవాళ్లు. పెంచడానికి పైన ఏమీ లేనప్పుడు ఈక్వలైజర్‌తో ఏం పని?

చరిత్రలు రాసేవాళ్లు పట్టించుకోని దశ ఒకటి దీని వెంటనే ఉంది. అది కుండ. విడి స్పీకర్‌ను కుండ మూతి మీద కూర్చోబెట్టి వినడం తెలంగాణ పల్లెల్లో తెలియనివాళ్లు లేరు. దాన్ని పేదవాళ్ల సరదాగా చూస్తారు గానీ అందులో లెక్క ఉంది. పెట్టె లేని స్పీకర్ ముందువైపు గాలి, వెనకవైపు గాలి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, దాంతో బాస్ మాయమవుతుంది. మూతి మీద బిగుతుగా కూర్చుంటే కుండ వెనక గాలిని మూసేస్తుంది, పోయిన బాస్ తిరిగి వస్తుంది. వేలాడదీసి మూతిలోకి పాడిస్తే లోపలి గాలి తన సొంత శ్రుతిలో మోగుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ లెక్కగట్టిన అనునాదం ఇదే. మూతి అంతే ఉండి కుండ పెద్దదైతే ఆ శ్రుతి కిందికి దిగుతుంది. అంటే ఒకే బ్యాండు ఉన్న ఈక్వలైజర్, దాన్ని మార్చాలంటే కుమ్మరి దగ్గరికి పోవాలి. మనవాళ్లకు ధ్వనిని సవరించుకోవాలన్న ఆలోచన జపాను టేప్‌రికార్డర్ పెట్టెలతో పాటే దిగిందనే మాట ఇక్కడ నిలవదు.

అసలు వివాదం 1980ల మొదటినుంచి 1990ల నడిమిదాకా సాగిన కేసెట్ కాలం గురించి. కేసెట్‌ను ఫిలిప్స్ 1963లోనే తెచ్చినా పాలమూరు ఇళ్లలోకి దండిగా వచ్చింది ఈ కాలంలోనే. కొన్ని టేప్‌రికార్డర్లు బొంబాయి, పుణె పనులకు పోయినవాళ్ల మూటల్లో వచ్చాయి. కంపెనీ కేసెట్ కొనే ఇల్లు తక్కువ. రికార్డింగ్ షాపులో పాటల చీటీ ఇచ్చి 60 నిమిషాలదో 90 నిమిషాలదో ఖాళీ కేసెట్ నింపించుకున్నవాళ్లే ఎక్కువ. షాపువాడి దగ్గరున్నదీ చాలాసార్లు అసలుది కాదు, కాపీయే.

కాపీలో ఏం పోతుందో చూడాలి. కేసెట్ టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అంత మెల్లగా నడిచే టేపు మీద 10,000 హెర్ట్జ్ తరంగం ఒకటి సుమారు 4.8 మైక్రాన్ల చోటులో ఇమడాలి. వెంట్రుక మందంలో అది పదో వంతు కూడా కాదు. హెడ్డు కొంచెం వంకరైనా, దాని మీద గోధుమరంగు పొడి పేరుకున్నా, మొదట చచ్చేది ఈ సన్నని ధ్వనే. తాళం చప్పుడు, 'స' అక్షరపు పదును, వీణ మీటు అన్నీ అక్కడే ఉంటాయి. ఒక్కో కాపీకి నాలుగు డెసిబెల్స్ పోతాయనుకుంటే మూడో కాపీకి పన్నెండు పోయినట్టు. అలాంటి కేసెట్ పెట్టినవాడు ఈక్వలైజర్‌లో ట్రెబుల్‌ది అయిన కుడిచివరి గీతను పైకి తోయకుండా ఏం చేస్తాడు? అది పిచ్చి కాదు, మరమ్మతు. టెలిఫోన్ ఇంజినీర్లు చేసిందీ అదే.

బాస్‌ది అయిన ఎడమచివరి గీతను పెంచడానికి కారణాలు వేరు. 1933లో పరిశోధకులు ఫ్లెచర్, మన్సన్ కొలిచి చూపినట్టు, తక్కువ సౌండ్‌లో చెవికి బాస్ బాగా తక్కువగా వినిపిస్తుంది. పిల్లలు పడుకున్నాక మెల్లగా పెట్టుకునే పాటకు అది సహజమైన లోటు. పైగా రేడియో, టేపు కలిసిన టూ-ఇన్-వన్‌లోని నాలుగంగుళాల స్పీకర్‌కు అసలు బాసే తక్కువ. ఇలా రెండు చివరలూ పైకి, నడుమ కిందికి పోయి గీతలు లోయలా కనిపించాయి. దాని వెనక రెండు వేర్వేరు అవసరాలున్నాయి.

మైకు సెట్టు మోతకు అలవాటుపడి ఇంట్లోనూ బాస్ కోరారనే వాదన కూడా విన్నాను. సింగోటం జాతరలోనైనా పెళ్లి పందిట్లోనైనా అప్పట్లో మోగింది హారన్ స్పీకర్లే. హారన్‌లో సుమారు 300 హెర్ట్జ్ కింద పెద్దగా ఏమీ రాదు. గుండె అదిరే డీజే పెట్టెలు ఆ తరువాతి కాలానివి. వరస తెలిస్తే ఈ వాదన తలకిందులవుతుంది. దీపాల ముచ్చట లేకపోలేదు, ఒప్పుకుంటాను. ఎర్ర, పచ్చ మీటర్ల కోసమే సెట్టు కొన్నవాళ్లున్నారు. కొన్ని చౌక సెట్లలోని గీతలు తగ్గించగలవే తప్ప పెంచలేవు కూడా. అన్నీ పైకి తోస్తే సర్క్యూట్‌ను పక్కకు తప్పించినట్టే.

ఇదే కాలంలో ఇల్లూ మారింది. శ్రీశైలం జలాశయం కోసం 1981లో వందకు పైగా ఊళ్లను ఖాళీ చేయించారు. కొల్లాపూర్ వైపు కృష్ణ ఒడ్డు ఊళ్లూ వాటిలో ఉన్నాయి. ముంపు ఒక్కటే కారణమని అనను, సిమెంటు అంతటా వస్తున్న రోజులే అవి. కానీ మందపాటి మట్టిగోడలు, దూలాలు, గూళ్లు, ధాన్యం బస్తాలు, నడుమ ఆకాశం కనబడే వాకిలి ఉన్న మిద్దెల్లో పుట్టిన చెవి, నాలుగు నున్నని గోడల మీద స్లాబు వేసిన గదిలోకి వచ్చి పడింది. వాకిలి నుంచి బాస్ బయటికి పోయేది. మూసిన గదిలో అది గోడకూ గోడకూ మధ్య నిలబడిపోతుంది. గోడల ఎడం 12 అడుగులైతే సుమారు 48 హెర్ట్జ్ దగ్గర, 10 అడుగులైతే 57 దగ్గర గది తానే గుంయ్‌మంటుంది.

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ నుంచి సామాను తెచ్చి కట్టిన అసెంబుల్డ్ సెట్లకు గది గుంయ్‌మనే ఈ హెర్ట్జ్ చోటే చిక్కు తెచ్చింది. వాటిలో వాడిన అయిదు బ్యాండ్ల ఐసీలకు గీతలు సుమారు 100, 300, 1000, 3000, 10,000 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. 57 దగ్గరి గుంయ్‌ను తగ్గించాలని 100 గీత దించితే తబలా, మృదంగం కూడా పలచబడతాయి. పెంచితే గుంయ్ ఇంకా పెరుగుతుంది. పది డెసిబెల్స్ పెంచడమంటే యాంప్లిఫయర్‌ను పదింతల పవర్ అడగడం. వ్యవసాయ మోటార్లు నడిచే వేళ లో-వోల్టేజీలో అది ఎక్కడినుంచి వస్తుంది? చీలిన బాస్ తప్ప మరేమీ రాదు.

ఇప్పటి సంగతి నాకు అంత సంతోషంగా లేదు. టేపు పోయింది, హెడ్డు పొడి పోయింది. ఫోన్‌లో పాట 10,000 దాటి కూడా నిండుగా వస్తోంది. లోయ ఆకారం మాత్రం పోలేదు. 'రాక్', 'బాస్ బూస్ట్' అన్న పేర్లతో యాప్‌లలో అదే స్థిరపడింది. పాట ముందే గట్టిగా మాస్టర్ అయి, డిజిటల్ పైకప్పును తాకుతూ వస్తుంది. దాని మీద ఇంకా పెంచితే అంచులు తెగుతాయి. పెంచక తప్పకపోతే ప్రీ-యాంప్‌ను అంతే దించాలి, ఆ పని చేసేవాళ్లు తక్కువ. 5200-1943 ట్రాన్సిస్టర్లు, 4558 ఐసీ బాస్-ట్రెబుల్ బోర్డు పెట్టి చాలా బాగా కట్టే మెకానిక్‌లు కూడా గీతల సంఖ్య చూపించే సెట్టు అమ్ముతారు. గీతలు ఏడున్నాయా పదున్నాయా అన్నది నాకు ముఖ్యం కాదు. ఒక్క బ్యాండైనా చాలు, కానీ దాని చోటునూ వెడల్పునూ మార్చుకోగలగాలి. మాసెన్‌బర్గ్ యాభై ఏళ్ల కింద చెప్పింది ఆ సౌకర్యమే.

స్లాబు గదికి ఈక్వలైజర్ కొనేముందు సబ్‌ఊఫర్‌ను మూల నుంచి రెండడుగులు జరిపి వినాలి. పరదా, పరుపు, బట్టల బీరువా ఏ గోడకున్నాయో చూసుకోవాలి, ఎందుకంటే గోడల మారుమోతను ఏ గీతా ఆపలేదు. ఆ తరువాత 50-60 దగ్గర ఇరుకైన కోత ఒకటి పెట్టి, వెయ్యి పైనున్నదాన్ని కదపకుండా వదిలేయవచ్చు. ఆ కోత పెట్టుకోగలిగే సెట్టు కొల్లాపూర్ బజారులో అడిగి చూస్తే మాత్రం, మొదట రంగు దీపాలున్నదే ముందుకు తెస్తారు.