"తెలుగు క్రూసేడ్" అనే పేరు మనకు వద్దు

మన పిల్లలకు తెలుగు చదవడం, రాయడం నేర్పే కార్యక్రమానికి "తెలుగు క్రూసేడ్" అని పేరు పెడదామని మొన్న సమావేశంలో ఒకరు సూచించారు. ఉద్దేశం మంచిదే. పేరు ఖాయం చేసేముందు ఆ మాట పుట్టుక చూద్దాం.

1095లో ఫ్రాన్సులోని క్లెర్మోం సభలో పోపు రెండో అర్బన్ ముస్లిం పాలకుల మీద యుద్ధానికి పిలుపిచ్చాడు. జెరూసలేంకు బయలుదేరినవాళ్లు గుడ్డ సిలువలను బట్టల మీద కుట్టుకున్నారు. లాటిన్‌లో సిలువను "క్రుక్స్" అంటారు. దాన్నుంచి వచ్చిన ఫ్రెంచి, స్పానిష్ మాటలే ఇంగ్లీషులో చాలా కాలం తర్వాత క్రూసేడ్ అయ్యాయి. వెళ్లినవాళ్లు మాత్రం దాన్ని తీర్థయాత్ర అనే చెప్పుకున్నారు.

ఆ యాత్ర ఎలా ముగిసింది? 1099 జూలైలో జెరూసలేం పట్టుకుని ముస్లింలను, యూదులను ఊచకోత కోశారు. 1204లో నాలుగో క్రూసేడ్ సైన్యం తోటి క్రైస్తవుల నగరం కాన్‌స్టాంటినోపుల్‌నే కొల్లగొట్టింది.

మరి మంచి అర్థం ఎప్పుడొచ్చింది? 1786లో జెఫర్సన్ ఒక మిత్రుడికి రాస్తూ అజ్ఞానం మీద క్రూసేడ్ సాగించమన్నాడు. అలా వాడగా వాడగా నెత్తురు మరుగునపడి పట్టుదల ఒక్కటే మిగిలింది. అయితే అందరూ మరిచిపోలేదు. 2001 సెప్టెంబరులో అధ్యక్షుడు బుష్ ఉగ్రవాదంపై పోరును క్రూసేడ్ అనగానే విమర్శలు వచ్చాయి. రెండు రోజులకే ఆయన ప్రతినిధి సర్దిచెప్పుకోవలసి వచ్చింది.

మనం తరతరాలుగా ఇతర భాషలవారి మధ్య బతుకుతున్నాం. మన సంఘంలో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. మన పేరు విని ఇరుగుపొరుగు "ఎవరి మీద యుద్ధం?" అని అడిగితే ఏం చెబుతాం?

మనకు "ఉద్యమం" అనే చక్కటి మాట ఉంది. పూనిక, ప్రయత్నం అని దాని అర్థం. అందులో శత్రువు అక్కర్లేదు. ఇప్పుడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తిగారు వ్యావహారిక భాష కోసం జీవితాంతం పోరాడారు. ఆయనే సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. తన భాషకోసం పాటుపడేవాడు పక్కవాడి భాషను ప్రేమించగలడని ఆయన చేసి చూపించారు.

కనుక "తెలుగు చదువు ఉద్యమం" అందామని నా మనవి. మీరేమంటారు?