వేదాద్రి నుంచి చూస్తే: మా మెట్ట ఆడవాళ్ళు, సినిమా, టీవీ, వార్తలు

తెలుగు సినిమా చరిత్ర మీద పుస్తకాలు చాలానే వచ్చాయి. వాటిల్లో నిర్మాతలుంటారు, స్టూడియోలుంటాయి, వందరోజులాడిన కేంద్రాల పట్టికలుంటాయి. టిక్కెట్టు కొని చూసినవాళ్ళు మాత్రం "అశేష ప్రేక్షకులు" అనే ఒక్క మాటలో ముగిసిపోతారు. ఆ అశేషంలో ఆడవాళ్ళెందరు, ఎవరి అనుమతితో వచ్చారు, ఏం చూశారు, ఇంటికెళ్ళి ఏం మాట్లాడుకున్నారు అన్న సంగతి ఎవరూ రాయలేదు. నేను సినిమా విమర్శకురాలిని కాను. ఉత్త ప్రేక్షకురాలిని. దొరికిన సినిమా చూస్తాను, సీరియళ్ళు చూస్తాను, వార్తలు చూస్తాను, చూసినవాటి గురించి పిన్నితోనూ పక్కింటివాళ్ళతోనూ వాదిస్తాను. అటువంటి ఒకదాని వైపు నుంచి, మా వేదాద్రి చుట్టుపక్కల జగ్గయ్యపేట, నందిగామల ఆడవాళ్ళు చూసిన చూపుకి కాస్త చరిత్ర రాయడానికే ఈ ప్రయత్నం.

కృష్ణాజిల్లా అనగానే అందరికీ డెల్టా గుర్తొస్తుంది. పచ్చటి వరి పొలాలు, కాలవ గట్లు, కూచిపూడి, గుడివాడ. మాది మెట్ట. పత్తి, మిరప, సున్నపురాయి, ఆ రాయి కోసం వచ్చిన సిమెంటు ఫ్యాక్టరీలు. 2022 ఏప్రిల్ నుంచి మేం కృష్ణాజిల్లాలో కూడా లేం. కొత్తగా ఏర్పడ్డ జిల్లాకి ఎన్టీఆర్ పేరు పెట్టారు. ఒక సినిమా నటుడి పేరున్న జిల్లాలో ఉంటూ సినిమా గురించి మాట్లాడకుండా ఉండటం కష్టమే.

వేదాద్రిలో కృష్ణ ఒడ్డున యోగానంద లక్ష్మీనరసింహస్వామి గుడి. అక్కడ స్వామి అయిదు రూపాల్లో ఉన్నాడంటారు. సోమకాసురుడు ఎత్తుకుపోయిన వేదాలను విష్ణువు తెచ్చిన తర్వాత అవే ఈ కొండ అయ్యాయని స్థలపురాణం. సినిమా చరిత్రకీ ఈ కొండకీ ఒక చుట్టరికం ఉంది. మొదటి తెలుగు టాకీ నరసింహస్వామి కథే. హెచ్.ఎం.రెడ్డి తీసిన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలయింది. అందులో ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా నటించింది సురభి కమలాబాయి. తెలుగు మాట్లాడే బొమ్మలో మొదటి తల్లి ఆమె. నాటకాల్లో మగవాళ్ళు ఆడవేషాలు కట్టడం మామూలుగా ఉన్న రోజుల్లో, ఆడపాత్రలు ఆడవాళ్ళే వేసే సురభి సమాజం నుంచి వచ్చింది. అటువంటి ఆడవాళ్ళని లోకం ఏమని పిలిచిందో మనకు తెలుసు. తెరమీద లీలావతికి దండం పెట్టినవాళ్ళే తమ ఇంటి పిల్ల తెర వైపు చూస్తానంటే ఒళ్ళు చీరేసేవాళ్ళు.

దేవుడి కథ కావడం వల్లే మా అమ్మమ్మల తరానికి సినిమా దక్కింది. సినిమాకి వెళ్ళడమంటే మా ఇళ్ళల్లో ముందుగా అనుమతి. ఆ అనుమతికి ఒక వరస ఉండేది. పురాణమైతే అత్తగారూ కోడలూ కలిసి వెళ్ళొచ్చు. సాంఘికమైతే మొగుడు తీసుకెళ్ళాలి. జానపదమైతే పిల్లల్ని వెంటబెట్టుకుని, పిల్లల కోసమే వెళ్తున్నట్టు వెళ్ళాలి. పెళ్ళికాని పిల్ల ఏ సినిమాకైనా ఒంటరిగా వెళ్ళేదన్న ప్రసక్తే లేదు. తిరనాళ్ళకి వచ్చిన టూరింగ్ టాకీసుల్లో ఆడవాళ్ళకి వేరే వైపు నేల. మధ్యలో తడికో, మొలబంటి గోడో. మగవాళ్ళ వైపు ఈలలు, ఇటువైపు చంటిపిల్లల ఏడుపులు. పాలు తాగుతూ పిల్ల నిద్రపోయే లోపల ఎంత కథ అర్థమైతే అంతే సినిమా. మిగిలింది మర్నాడు మిరపకాయల కోతలో కూలీ ఆడవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని పూర్తి చేసుకునేవాళ్ళు. ఆ చెప్పుకోవడంలో కథ కొంత మారేది కూడా. ఆ మార్పులు ఎవరైనా రాసి పెట్టి ఉంటే మనకి ఇంకో సినిమా చరిత్ర దొరికేది.

1963లో వచ్చిన 'లవకుశ' గురించి చెప్పకుండా ఈ తడికె ఇవతలి చరిత్ర నడవదు. ఊళ్ళకి ఊళ్ళు బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశాయని పెద్దవాళ్ళందరూ చెప్తారు. రాముడిగా ఎన్టీఆర్ పటాలు గోడలెక్కాయి. అయితే ఆడవాళ్ళు ఏడ్చింది సీతగా అంజలీదేవిని చూసి. ఎవడో ఏదో అన్నాడని నిండు గర్భిణిని అడవికి పంపిన కథ అది. పుట్టింటికి పంపేస్తాననే బెదిరింపు కింద సంసారాలు చేస్తున్న ఆడవాళ్ళకి దాన్ని పురాణమని విడిగా చెప్పక్కర్లేదు. రాముణ్ణి తప్పు పట్టడానికి వాళ్ళకి నోరు రాలేదు. కానీ సీత చివరికి భూమిలోకి వెళ్ళిపోయినందుకు "మంచిపని చేసింది తల్లి" అనుకున్న ఆడవాళ్ళని నేనెరుగుదును. భక్తితో చూసే చూపులో తీర్పు ఉండదని అనుకోవడం పొరపాటు.

తెర మీది ఆడవాళ్ళ పట్ల లోకం పక్షపాతం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సూర్యకాంతం గయ్యాళి అత్త వేషాల్లో ఎంత గొప్పగా నటించిందంటే, తెలుగువాళ్ళు ఆడపిల్లలకి ఆ పేరు పెట్టడమే మానేశారని నానుడి. దుష్టపాత్రలు వేసిన మగనటుల పేర్లు అలా వెలి అయినట్టు నేనెక్కడా వినలేదు. 'మాయాబజార్' (1957)లో శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడిగా సావిత్రి చేసిన అభినయం చూడండి. ఆడపిల్ల ఒంట్లో మగవాడి నడక, మగవాడి ధీమా. మా పిన్ని ఆ సీన్లు వచ్చినప్పుడల్లా, మనమూ ఒక్కరోజు అలా నడిస్తే ఏమవుతుందో అనేది. ఆ సావిత్రే 1968లో 'చిన్నారి పాపలు'కు దర్శకత్వం వహించింది. సంగీతం పి.లీల. ముఖ్యమైన శాఖల్లో ఆడవాళ్ళే. అంతకు చాలా ముందే, 1953లో, భానుమతి 'చండీరాణి'ని మూడు భాషల్లో తీసింది. ఇవి మాకెవరూ చెప్పలేదు. సావిత్రి గురించి మాకు చెప్పిన కథ ఒక్కటే: పెళ్ళయినవాణ్ణి చేసుకుంది, తాగింది, ఆస్తి పోగొట్టుకుంది, 1981లో దిక్కులేకుండా పోయింది. ఆడపిల్లలకి హెచ్చరికగా చెప్పే నీతికథ. 2018లో 'మహానటి' వచ్చాక కూడా జనం ఎక్కువ మాట్లాడుకున్నది ప్రేమ గురించి, మందు గురించి. ఆమె మెగాఫోన్ పట్టుకున్న రోజులు సినిమాలోనూ చర్చలోనూ పక్కకే జరిగాయి.

సినిమాకి వెళ్ళలేనివాళ్ళకి నవల ఉండేది. కృష్ణాజిల్లా కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి నవలలు అద్దెపుస్తకాల షాపుల నుంచి ఇంట్లోకొచ్చి, బియ్యండబ్బాల చాటున దాక్కుని, చేతులు మారేవి. ఆమె 'మీనా'ను 1973లో సినిమాగా తీసింది విజయనిర్మల. ఆడమనిషి రాసింది, ఆడమనిషి తీసింది, ఆడవాళ్ళు చూశారు. ఈ సంగతిని ఆ రోజుల్లో ఎవరూ విశేషంగా చెప్పుకోలేదు. అటువంటి నవలల్ని, వాటిని చదివేవాళ్ళని వెక్కిరించడానికి మాత్రం చాలామంది ముందుకొచ్చారు.

ఇక సినిమా రాజకీయమైన సంవత్సరం 1982. చైతన్యరథం ఎక్కిన ఎన్టీఆర్ సభల్లో ఆడవాళ్ళని "ఆడపడుచులు" అని పిలిచాడు. ఆడపడుచు అన్నది చుట్టరికం మాట, అన్నకి బాధ్యత పెట్టే మాట. తెరమీది అన్న నిజంగా ఏమిచ్చాడని అడిగితే, అందరూ చీర ధోవతుల పథకం చెప్తారు. నేను 1986 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం చెప్తాను. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్ళకి కొడుకులతో సమంగా వాటా. దేశమంతటికీ ఆ చట్టం రావడానికి 2005 దాకా పట్టింది. అయితే చట్టం అమల్లోకొచ్చేనాటికే పెళ్ళయినవాళ్ళకి వాటా వర్తించదన్న షరతు ఒకటి ఉంది. అంటే ఆయన సినిమాలు చూసి పెరిగిన మా అమ్మల తరం ఆ గీతకి అవతల మిగిలిపోయింది. గీతకి ఇవతల ఉన్నవాళ్ళకైనా దక్కింది ఎంత? సాగర్ ఎడమ కాలవ నీళ్ళొచ్చి మెట్ట చేలకి ధర వచ్చాక "నీకు పసుపు కుంకుమల కింద ఇచ్చేశాంగా" అని సంతకం పెట్టించుకున్న అన్నలు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. అన్నాచెల్లెళ్ళ సినిమా చూసి ఏడ్చి వచ్చిన మర్నాడే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో హక్కు విడుదల పత్రం. పుట్టింటి గుమ్మం మూసుకుపోతుందన్న భయం ముందు చట్టం ఏపాటిది!

టీవీ వచ్చాక అనుమతి అవసరం పోయింది. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలయ్యేనాటికి ఊరికి ఒకటో రెండో టీవీలు. ఆదివారం పొద్దున్నే వంట ముగించి, టీవీ ఉన్న ఇంటికి చేరేవాళ్ళు. హిందీ ముక్క రాదు. కథ తెలుసు కాబట్టి భాష అడ్డం రాలేదు. కుర్చీ ఎవరికి, చాప ఎవరికి, గుమ్మం బయట నిలబడాల్సింది ఎవరు అన్నది మాత్రం కులమే తేల్చేది. టూరింగ్ టాకీసులో టిక్కెట్టు కొంటే నేల మీద పక్కపక్కనే కూర్చున్న ఆడవాళ్ళు, టీవీ దగ్గర మళ్ళీ విడిపోయారు. ఇంట్లోకొచ్చిన బొమ్మ ఇంటి నియమాలకి లోబడింది.

1995లో జెమినీ, ఈటీవీ వచ్చాయి. ఆపైన డైలీ సీరియళ్ళు. మంజులా నాయుడు తీసిన 'రుతురాగాలు' దూరదర్శన్‌లో, 'చక్రవాకం', 'మొగలిరేకులు' జెమినీలో చూడని ఇల్లు మా వైపు లేదు. "ఆడవాళ్ళకి సీరియళ్ళ పిచ్చి" అన్న మాట అప్పుడే పుట్టింది. క్రికెట్ చూసేవాడిది అభిరుచి, సీరియల్ చూసేదానిది పిచ్చి. ఆ సీరియళ్ళలో చాలావాటిని నేను సమర్థించను. ఆడదానికి ఆడదే శత్రువన్న అబద్ధాన్ని రోజుకు అరగంట చొప్పున ఏళ్ళ తరబడి నూరిపోశాయి. కానీ చూసేవాళ్ళు దాన్ని మింగేశారని అనుకోను. వాళ్ళు చూస్తూ తిడతారు, ఊహిస్తారు, ఇలా ఎందుకు చేస్తుందని నిలదీస్తారు. కథ ఎక్కడ అతకలేదో వాళ్ళకి చప్పున తెలుస్తుంది.

ఆ తెలివి అవసరమైన సందర్భం మాకు సొంత ఊళ్ళోనే వచ్చింది. 2007 డిసెంబరు చివరి వారంలో ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు హాస్టల్లో ఫార్మసీ చదువుతున్న అమ్మాయిపై అత్యాచారం చేసి చంపేశారు. అత్యాచారానికి గురైన స్త్రీ పేరు ప్రకటించకూడదని చట్టం ఉంది. అయినా ఆ కేసుని ఇప్పటికీ ఆమె పేరుతోనే పిలుస్తారు, ఆమె ఫొటోనే చూపిస్తారు. నేను రాయను. అప్పటికి ఇరవై నాలుగ్గంటల వార్తా చానళ్ళు కొత్త. మృతదేహం, హాస్టల్ మెట్లు, ఏడుస్తున్న తల్లి, మళ్ళీ మళ్ళీ అవే బొమ్మలు, వెనక సంగీతం. రేపు ఏం జరుగుతుందో చూడండన్న సీరియల్ పద్ధతి వార్తలోకి వచ్చింది.

2008 ఆగస్టులో పోలీసులు నందిగామ ప్రాంతపు దళిత యువకుణ్ణి అరెస్టు చేశారు. సెల్‌ఫోన్లు దొంగిలించేవాడు, ఆడపిల్లల హాస్టళ్ళ చుట్టూ తిరిగేవాడు అని చెప్పారు. కథకి ముగింపు దొరికింది. 2010లో విజయవాడ మహిళా సెషన్స్ కోర్టు శిక్ష వేసింది. జైల్లో అతను కాళ్ళు పడిపోయే జబ్బుతో ఉన్నాడు. 2017 మార్చి 31న హైకోర్టు అతను నిర్దోషి అని విడుదల చేసింది. లక్ష రూపాయలు చెల్లించమంది. ఎనిమిదేళ్ళకు పైగా జైలు. 2018లో దర్యాప్తు సిబిఐ చేతికి వెళ్ళింది.

ఇందులో మనం మర్చిపోకూడని మనిషి ఆ అమ్మాయి తల్లి. పోలీసులు చూపించినవాడు దోషి కాదని ఆమె, ఆమె భర్త బహిరంగంగా చెప్తూ వచ్చారు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లికి ఒక దోషి దొరికితే చాలదా అనుకుంటుంది లోకం. ఆమె చాలదంది. చేతికందిన పేదవాణ్ణి తన కూతురి పేరు మీద బలిపెట్టడానికి ఒప్పుకోలేదు. మా ఆడవాళ్ళలోనూ ఆ కథ అతకలేదన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళ మాట అడగడానికి ఏ చానల్ మైకూ రాలేదు.

2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర, పశువైద్యురాలి హత్య కేసులో నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. అచ్చం సినిమా క్లైమాక్సే. ఆ ఎన్‌కౌంటర్ బూటకమని సుప్రీంకోర్టు నియమించిన కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. అదే 2019 డిసెంబరులో, తెనాలిలో, మా వైపు కేసులోని అమ్మాయి సమాధిని తవ్వి అవశేషాలకి మళ్ళీ పరీక్షలు చేశారు. పన్నెండేళ్ళ తర్వాత. ఈ రెండు వార్తలూ వారం తేడాతో ఒకే టీవీలో వచ్చాయి. పూలు చల్లిన రోజున, నందిగామ కుర్రాణ్ణి కూడా 2008లో ఇలాగే కాల్చేసి ఉంటే ఇవాళ ఎవరికైనా అనుమానం మిగిలేదా అని మా పిన్నిని అడిగాను. ఆమె టీవీ కట్టేసి, "అప్పుడా తల్లి మాట కూడా ఎవరూ వినేవాళ్ళు కాదే" అంది.

తడికె ఇవతల కూర్చుని, పిల్లని జోకొడుతూ, సగం సగం చూసిన ఆడవాళ్ళు మిగతా సగాన్ని మర్నాడు ఒకరినొకరు అడిగి తెలుసుకున్నారు. వార్తల్ని కూడా అలా చూడాలి. మనకి చూపించని సగం ఏమిటని అడగాలి, దోషి దొరికాడని చెప్పినప్పుడు ఆ దొరికినవాడు ఏ వాడ నుంచి వచ్చాడో అడగాలి. మా ఆడవాళ్ళకి ఇది కొత్త విద్య కాదు.