తల్లిపాలలో విటమిను డి

తల్లిపాలు శిశువునకు సంపూర్ణాహారమని అందరును చెప్పుదురు. విటమిను డి విషయమున మాత్రము ఈ మాట చెల్లదు. ఇది నిస్సందేహముగా తేలుటకు ఆరు దశాబ్దములకు పైగా పట్టినది.

1917 లో న్యూయార్కు నగరములోని కొలంబస్ హిల్ పేటయందు హెస్, ఉంగర్ అను వైద్యులు నల్లజాతి శిశువులను పరీక్షించిరి. ఎముకలు మెత్తబడి కాళ్లు దొడ్డికాళ్లగు రికెట్సు వ్యాధి తల్లిపాలు త్రాగు బిడ్డలలో సయితము కానవచ్చెను. కాడ్ చేప కాలేయపు నూనె పట్టించిన వారిలో అధికసంఖ్యాకులు దాని బారినుండి తప్పించుకొనిరి. రెండేండ్లకు బెర్లినులో హుల్డ్‌షిన్‌స్కీ అతినీలలోహిత కిరణములతోనే ఆ వ్యాధిని కుదిర్చెను. 1922 లో అమెరికాలో మెకాలమ్, ఆ నూనెలో విటమిను ఎ నశించిన పిదపకూడ రికెట్సును మాన్పు గుణము నిలిచియుండుట చూపెను. ఆ గుణము గల పదార్థమే విటమిను డి.

పాల వెన్నలో ఈ విటమిను అత్యల్పము. మరి ఎండ తగులు చోట్ల పాలు త్రాగు బిడ్డలు ఆరోగ్యముగా నుండుట యెట్లు? చర్మమే సూర్యరశ్మితో విటమినును తయారుచేయునన్నది సహజమైన సమాధానము. కాని కొందరికి పాలమీద నమ్మకము వీడలేదు. వెన్నలో గాక నీటి భాగమున విటమిను సల్ఫేటు రూపమున దాగియున్నదని 1967 లో జపాను శాస్త్రజ్ఞులును, 1977 లో ఇంగ్లండులో లక్డావాలా, విడోసన్‌లును ప్రకటించిరి. ఎంత ఊరటనిచ్చు వార్త! ఇక బిడ్డకు చుక్కలమందేల యని పలువురు భావించిరి.

ఆ ఊరట నిలువలేదు. 1981 లో సల్ఫేటును కృత్రిమముగా తయారుచేసి ఎలుకలకిచ్చి చూడగా, దాని శక్తి మిక్కిలి స్వల్పమని తేలెను. ఆ యేడే హాలిస్ ప్రభృతులు పాలలోని విటమినును, దాని రూపాంతరములను వేర్వేరుగా కొలిచిరి. లీటరు తల్లిపాలలో సాధారణముగా 80 యూనిట్లకు మించి యుండదు. శిశువునకో, దినమునకు 400 కావలెను.

ఇందుకు కారణము తల్లి రక్తమున కలదు. కాలేయము విటమిను డిని వేరొక రూపమునకు మార్చి నిలువయుంచును. నెత్తురులో వారములకొలది నిలుచునది ఆ రూపమే, కాని అది పాలలోనికి అంతగా దిగదు. సులభముగా దిగునది మార్పు చెందని విటమిను. అదియో ఒకటి రెండు దినములలో తరిగిపోవును. కనుకనే తల్లికి ప్రతిదినము అందవలెను. ఎండ సోకని తల్లి పాలలో అది ఎక్కడనుండి వచ్చును?

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2003 లో పాలు త్రాగు బిడ్డలకు దినమునకు 200 యూనిట్లు చాలుననెను. 2008 లో దానిని 400 చేసెను. 2015 లో ప్రకటితమైన పరిశోధనలో తల్లులకే దినమునకు 6400 యూనిట్లిచ్చి, బిడ్డకు వేరుగా ఏమియు ఈయకయే చూచిరి. ఆ శిశువుల రక్తములోని విటమిను, 400 యూనిట్ల చుక్కలు వేసిన శిశువులతో సమానముగా నుండెను.