పొడి ఇసుక కోసం పుట్టిన బండి

శ్రీకాకుళం జిల్లా భావనపాడు తీరంలో అల తడిపిన గట్టి ఇసుక మీద మోటారుసైకిలు బాగానే పోతుంది. పైనున్న పొడి ఇసుకలోకి మళ్లిందా, సన్నటి చక్రం దిగబడిపోతుంది. ఇలాంటి నేలల కోసమే హోండా 1970లో లావాటి, గాలి తక్కువుండే టైర్లతో మూడు చక్రాల బండి తెచ్చింది.

అది మలుపుల్లో తేలిగ్గా పల్టీ కొట్టేది. అమెరికాలో ఎన్నో ప్రాణాలు పోయాయి. 1988లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరి అక్కడ కంపెనీలు దాని అమ్మకం మానేశాయి. అప్పటికే నాలుగు చక్రాల పందెపు క్వాడ్‌లు దిగాయి: 1985లో సుజుకి క్వాడ్‌రేసర్, 1987లో యమహా బాన్షీ. బాన్షీది 347 సీసీ, రెండు సిలిండర్ల టూస్ట్రోక్ ఇంజిను. రాజ్‌దూత్ 350ది కూడా యమహా ఇంజినే కనుక దాని మోత విన్న మనవాళ్లకు ఆ వంశం తెలిసిందే.

క్వాడ్ మీద బొటనవేలితో థ్రాటిల్ నొక్కి ఒళ్లు వెనక్కి వాలిస్తే ముందు చక్రాలు రెండూ లేస్తాయి. మరీ లేస్తే వెనక బ్రేకు తొక్కాలి, లేదంటే బండి మనిషి మీదే పడుతుంది. గాల్లో ఉండగా థ్రాటిల్ ఇస్తే మూతి పైకి లేస్తుంది, వెనక బ్రేకు వేస్తే కిందికి దిగుతుంది. వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి కనుక మలుపులో మనిషి బరువు బయటివైపు పాదం మీద మోపి, ఒళ్లు లోపలివైపు వాల్చాలి.

శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేదీ ఆ పొడి ఇసుకలోనే. చక్రాల గాడిలో పడ్డ తాబేలు పిల్లలు బయటికి రావడం కష్టం. జనవరి నుంచి మే దాకా ఇలాంటి బండి ఏదీ అక్కడ దిగకూడదు.