బెల్జియం జనగణన - భాషాసరిహద్దు - ప్రభుత్వ నిర్మాణం

ఉపోద్ఘాతం

ఒక దేశంలో ఏ భాష మాట్లాడేవారు ఎందరున్నారో తెలుసుకోవడానికి జనగణన ప్రధానమైన ఆధారం. అయితే బెల్జియంలో 1947 తరువాత జరిగిన ఏ జనగణనలోనూ భాషను గురించిన ప్రశ్న లేదు. 1961లో చేసిన చట్టం ఆ ప్రశ్నను తొలగించింది. అదే దేశంలో మంత్రివర్గం, పార్లమెంటు, పాఠశాల, న్యాయస్థానం అన్నీ భాషను ఆధారం చేసుకొనే నిర్మితమయ్యాయి. ప్రభుత్వానికి భాష పునాదిగా ఉన్న చోట భాషను లెక్కించడం ఎందుకు నిషిద్ధమయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. స్వాతంత్ర్యం, తొలి జనగణన

1830లో నెదర్లాండ్స్ నుండి విడివడిన బెల్జియం 1831 ఫిబ్రవరి 7న రాజ్యాంగాన్ని ఆమోదించుకొంది. అదే ఏడాది జులై 21న మొదటి లియోపోల్డ్ రాజుగా ప్రమాణం చేశాడు. భాషల వినియోగం పౌరుల ఐచ్ఛికమని రాజ్యాంగం ప్రకటించినా, ఆచరణలో పాలన, ఉన్నతన్యాయస్థానాలు, ఉన్నతవిద్య ఫ్రెంచిలోనే సాగాయి. పన్ను చెల్లింపు మీద ఆధారపడిన ఓటుహక్కు దీనికి ముఖ్యకారణం. సుమారు 40 లక్షల జనాభాలో ఓటర్లు 46 వేలమంది మాత్రమే. ఉత్తరాన ఉన్న ఫ్లాండర్స్‌లో సామాన్యులు డచ్ మాండలికాలు మాట్లాడినా, అక్కడి సంపన్నవర్గం భాష ఫ్రెంచే.

1846లో గణాంకశాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే ఆధ్వర్యంలో జరిగిన జనగణన యూరప్‌లోని ఇతర దేశాలకు ఆదర్శమయింది. దాని ప్రకారం దేశ జనాభా 43 లక్షలకు పైబడింది. సాధారణంగా మాట్లాడే భాష ఏదని అందులో అడిగారు. డచ్ మాట్లాడేవారే సగానికి మించి ఉన్నారని, బ్రస్సెల్స్ నగరంలోనూ వారిదే ఆధిక్యమని ఆ లెక్క తేల్చింది. అయినా పాలనాభాషలో మార్పు రాలేదు. ఓటు లేని అధికసంఖ్యాకుల లెక్క ప్రభుత్వాన్ని కదిలించలేకపోయింది.

2. ఓటుహక్కు విస్తరణ, భాషాచట్టాలు

1873లో నేరవిచారణలోను, 1878లో పాలనలోను, 1883లో ప్రభుత్వ మాధ్యమిక పాఠశాలల్లోను ఫ్లాండర్స్ వరకు డచ్‌కు పరిమితమైన స్థానం లభించింది. 1893లో పురుషులందరికీ ఓటుహక్కు వచ్చింది. ఆస్తి, చదువు ఉన్నవారికి అదనపు ఓట్లు ఇచ్చినా, డచ్ మాట్లాడే సామాన్యుడు తొలిసారిగా ఓటరయ్యాడు. ఆ తరువాత ఐదేళ్లకే, 1898లో, చట్టాల డచ్ పాఠానికి ఫ్రెంచి పాఠంతో సమానమైన ప్రతిపత్తి కలిగింది. అదనపు ఓట్లు 1919లో రద్దయ్యాయి. 1930లో గెంట్ విశ్వవిద్యాలయం డచ్ మాధ్యమానికి మారింది. జనసంఖ్య ఓటు ద్వారానే అధికారంగా మారిందని ఈ క్రమం తెలుపుతుంది.

3. లెక్క నిర్ణయంగా మారిన దశ

1932 జూన్ 28 నాటి చట్టం ప్రాంతీయ ఏకభాషాసూత్రాన్ని పాలనలో ప్రవేశపెట్టింది. ఫ్లాండర్స్‌లో డచ్, దక్షిణాన ఉన్న వలోనియాలో ఫ్రెంచి, బ్రస్సెల్స్‌లో రెండూ పాలనాభాషలయ్యాయి. కాని సరిహద్దును మాత్రం స్థిరపరచలేదు. దానిని పదేళ్లకొకసారి జరిగే జనగణనకు విడిచిపెట్టారు. సరిహద్దున ఉన్న కమ్యూన్‌లో, అంటే స్థానిక పాలనా ఘటకంలో, రెండవ భాషవారు 30 శాతానికి చేరితే వారికి వారి భాషలో సేవలందించాలి. వారు సగం దాటితే ఆ కమ్యూన్ పాలనాభాషే మారుతుంది.

దీనితో జనగణన స్వభావం మారిపోయింది. లెక్కపత్రంలో రాసే జవాబు తన వీధిలో ఏ భాషలో పాలన సాగాలో చెప్పే ఓటుగా పరిణమించింది. ఫ్రెంచి ఉద్యోగానికి, సామాజికోన్నతికి మార్గంగా ఉన్నందువల్ల ఇంట్లో డచ్ మాట్లాడేవారు కూడా ఫ్రెంచి అని రాయించుకొనే అవకాశం ఉంది. జర్మనీ, నెదర్లాండ్స్ సరిహద్దులకు సమీపంలోని ఫూరెన్ గ్రామాల్లో 1930 లెక్క డచ్‌వారి ఆధిక్యాన్ని, 1947 లెక్క ఫ్రెంచివారి ఆధిక్యాన్ని చూపాయి. ఒక తరంలోపు గ్రామాల మాతృభాష ఇంతగా మారదు. మారింది ప్రకటన. యుద్ధకాలపు అనుభవాలు, రాజకీయ విధేయతలు అందులో ప్రతిఫలించాయి.

1947 లెక్కలోని భాషాఫలితాలు వివాదం వల్ల 1954 వరకు వెలువడలేదు. వెలువడిన పిదప ఎవరే, గాన్స్‌హోరెన్, సింట్-ఆగథా-బెర్ఖెమ్ కమ్యూన్‌లు ద్విభాషా బ్రస్సెల్స్‌లో చేరాయి. డ్రోగెన్‌బోస్, క్రైనెమ్, లింకెబేక్, వెమ్మెల్‌లలో ఫ్రెంచివారికి ప్రత్యేక సౌకర్యాలు ఏర్పడ్డాయి. బ్రస్సెల్స్ 'నూనె మరక'లా విస్తరిస్తోందని ఫ్లెమిష్ నాయకులు ఆందోళన చెందారు. ప్రతి కమ్యూన్‌లోని ప్రజలు తమ భాషను తామే తేల్చుకోవాలని ఫ్రెంచి పక్షం వాదించింది. ప్రదేశానికి భాష ఉంటుందా, మనిషికి భాష ఉంటుందా అన్నదే ఈ వివాదంలోని అసలు ప్రశ్న.

4. లెక్కకు స్వస్తి, సరిహద్దుకు స్థిరత్వం

భాషాప్రశ్న ఉన్న జనగణనపత్రాలను పంచబోమని ఫ్లెమిష్ మేయర్లు పలువురు నిరాకరించారు. 1961 జులై 24 నాటి చట్టం జనగణన నుండి భాషాప్రశ్నను తీసివేసింది. 1962 నవంబర్ 8 నాటి చట్టం భాషాసరిహద్దును స్థిరపరచింది. మూస్క్రోన్, కోమిన్ పట్టణాలు పశ్చిమ ఫ్లాండర్స్ నుండి ఎనో ప్రావిన్సుకు, ఫూరెన్ గ్రామాలు లియేజ్ నుండి లింబర్గ్ ప్రావిన్సుకు మారాయి.

లెక్క ఆగినంత మాత్రాన వివాదం ఆగలేదు. ఫూరెన్ మేయరుగా నియమితుడైన జోసే హప్పార్‌కు డచ్ పరిజ్ఞానం ఉందో లేదో అన్న వివాదం 1987లో విల్‌ఫ్రీడ్ మార్టెన్స్ ప్రభుత్వ రాజీనామాకు దారితీసింది. కొద్ది గ్రామాల భాషాస్థితి దేశప్రభుత్వాన్ని పడగొట్టడం, స్థిరసరిహద్దు వెనుక ఎంత ఒత్తిడి నిలిచి ఉందో తెలుపుతుంది.

5. లెక్కలేని సమతౌల్యం

1970లో మొదలైన రాజ్యాంగ సవరణలు 1993 నాటికి బెల్జియాన్ని సమాఖ్యగా మార్చాయి. మూడు భాషాసముదాయాలు, మూడు ప్రాంతాలు ఏర్పడ్డాయి. ప్రధానమంత్రిని మినహాయించి మంత్రివర్గంలో డచ్, ఫ్రెంచి భాషల మంత్రులు సమసంఖ్యలో ఉండాలి. భాషాప్రాంతాల హద్దులు మార్చాలంటే పార్లమెంటులోని ప్రతి భాషావర్గంలోను ఆధిక్యం, మొత్తం మీద మూడింట రెండువంతుల మద్దతు అవసరం. బ్రస్సెల్స్ ప్రాంతీయ శాసనసభలోని 89 స్థానాల్లో 72 ఫ్రెంచి వర్గానికి, 17 డచ్ వర్గానికి నిర్ణీతమై ఉన్నాయి. ఈ నిష్పత్తిని ఏ భాషాజనగణనా నిర్ణయించలేదు. అది పరస్పర అంగీకారం.

ఇందులోని లాభం స్పష్టం. పదేళ్లకొకసారి సరిహద్దు పోరు లేదు. అల్పసంఖ్యాకులు ఓట్ల లెక్కలో ఓడినా మంత్రివర్గంలో ఓడరు. నష్టమూ తక్కువ కాదు. ఉభయవర్గాల అంగీకారం తప్పనిసరి కావడంతో 2010 జూన్ ఎన్నికల తరువాత పూర్తిస్థాయి ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టింది. వలసలతో బహుభాషానగరంగా మారిన బ్రస్సెల్స్‌లో ఇంట్లో అరబిక్, టర్కిష్ మాట్లాడే పౌరుడు ఎన్నికల్లో నిలవాలంటే డచ్, ఫ్రెంచి వర్గాల్లో ఒకదానిని ఎంచుకోవలసిందే.

ముగింపు

బెల్జియం చరిత్ర నుండి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, లెక్కకు పాలనాఫలితం ముడిపడనంత కాలం అది సమాచారం. ముడిపడిన మరుక్షణం అది రాజకీయచర్య. 1846, 1947 జనగణనల మధ్య ఉన్న భేదం ఇదే. రెండు, భాషాప్రశ్నను తొలగించడం వివాదాన్ని పరిష్కరించలేదు. దానిని జనగణనపత్రం నుండి రాజ్యాంగంలోకి తరలించింది. మూడు, రాజ్యాంగం గుర్తించిన డచ్, ఫ్రెంచి, జర్మన్ భాషలకు రక్షణ దొరికింది. వాటికి వెలుపలి భాషలవారికి లెక్కలోనూ చోటు లేదు, సమతౌల్యంలోనూ చోటు లేదు. 1831లో ఓటు లేనందువల్ల డచ్ సామాన్యుడు ప్రభుత్వానికి కనిపించలేదు. ఓటు ఉండి కూడా తన భాషతో కనిపించని పౌరుడు నేటి బ్రస్సెల్స్‌లో ఉన్నాడు.